ముందు గది, తర్వాత పని: స్కీ ఊళ్ళలో సీజన్ కొలువులపై మీ ప్రశ్నలు

స్కీ ఊళ్ళలో, అంటే కాళ్ళకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు మీద జారే ఆట కోసం జనం వచ్చే కొండ ఊళ్ళలో, శీతాకాలం పనుల గురించి అడగండి అన్నాక చాలా ఉత్తరాలు వచ్చాయి. కెనడా రాకీ పర్వతాల్లో, బాన్ఫ్ దగ్గరి కొండ మీద ముందు లిఫ్ట్ (జనాన్ని వేలాడే కుర్చీల్లో కొండపైకి చేర్చే యంత్రం) దగ్గరా, తర్వాత స్కీలు అద్దెకిచ్చే దుకాణంలోనూ ఏళ్ళ తరబడి పని చేసినదాన్ని. నేను చూసినదాన్ని బట్టి, తోటివాళ్ళు పడ్డ పాట్లను బట్టి జవాబులు రాస్తున్నాను. ఒకే రకం ప్రశ్నలను ఒకచోట చేర్చాను.

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక బట్టల దుకాణంలో కౌంటర్ దగ్గర చిన్న పని చేస్తున్నాను. స్కీయింగ్ రాదు. మంచు సినిమాల్లో చూడటమే. స్కీ ఊళ్ళో ఒక శీతాకాలం గడపాలని గట్టిగా ఉంది. నాకెవరు పని ఇస్తారు? ఎప్పుడు అడగాలి?

జవాబు: స్కీయింగ్ రాకపోవడం అడ్డే కాదమ్మా. స్కీలు కట్టుకుని పని చేసేది కొద్దిమందే. పాఠాలు చెప్పేవాళ్ళు, దెబ్బ తగిలినవాళ్ళను కిందికి చేర్చే పెట్రోల్ (గస్తీ) వాళ్ళు, ఇంకా కొందరు. మిగతా ఊరంతా నడిచేది గదులు సర్దేవాళ్ళ మీద, వంటగదిలో గిన్నెలు తోమేవాళ్ళ మీద, బస్సు తోలేవాళ్ళ మీద, పసిపిల్లల్ని చూసుకునేవాళ్ళ మీద, రాత్రంతా హోటల్ కౌంటర్లో మేలుకుని ఉండేవాళ్ళ మీద. వీటిలో చాలా పనులకు అనుభవం అడగరు. పని అక్కడే నేర్పుతారు.

మీరు కౌంటర్ పనిని చిన్న పని అని రాశారు. ఆ మాట దరఖాస్తులో రాయకండి. స్కీలు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలకు సరిగ్గా మీలాంటివాళ్ళే కావాలి. పొద్దున తలుపు తీసేసరికి వాకిట్లో జనం బారులు తీరి ఉంటారు. అందరికీ తొందరే. పిల్లలు ఏడుస్తుంటారు, తడి మేజోళ్ళు, ఉక్కపోత. ఒక్కొక్కరి ఎత్తు, బరువు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ ఎంతవరకు వచ్చు అన్నవి రాసుకోవాలి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను ఎంత బిగించాలో టెక్నీషియన్ పట్టిక చూసి నిర్ణయించేది ఆ వివరాలతోనే. మనిషి పడినప్పుడు అది విడిపోవాలి. విడిపోకపోతే మోకాలు మెలిపడుతుంది. అక్కర్లేనప్పుడు విడిపోతే మనిషి బోర్లా పడతాడు. జనం ఏం చేస్తారంటే బరువు అడిగితే తగ్గించి చెబుతారు, అనుభవం అడిగితే పెంచి చెబుతారు. అందుకే నేను నలుగురి ముందూ నోటితో అడిగేదాన్ని కాదు. కాగితం తిప్పి, పెన్ను చేతికిచ్చి, "సరైన అంకె రాస్తేనే మీ మోకాలు భద్రం" అని మెల్లగా చెప్పేదాన్ని. రాసిన అంకెను కొట్టేసి మళ్ళీ రాసేవాళ్ళు ఎంతమందో. మనుషులతో మెలిగే ఆ నేర్పు మీకు ఇప్పటికే ఉంది.

ఇక సమయం. ఉత్తరార్ధగోళంలో సీజన్ సుమారుగా నవంబర్ చివర మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. పెద్ద రిసార్టులు ఆగస్టు నుంచే మనుషుల్ని తీసుకోవడం మొదలుపెడతాయి. అక్టోబర్ దాటితే మంచి పనులు, ముఖ్యంగా గదితో కలిసి వచ్చేవి, అయిపోయినట్టే. అప్పటికి దొరకనివాళ్ళకు జనవరిలో ఇంకో దారి తెరుచుకుంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీకి తట్టుకోలేక కొందరు మానేస్తారు, ఆ ఖాళీలు చప్పున నింపుకోవాలి కాబట్టి ఫోన్ చేసినవాళ్ళకే పని. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్, ఆస్ట్రేలియాలో త్రెడ్‌బో లాంటి చోట్ల సీజన్ జూన్ నుంచి అక్టోబర్ మొదటి వారాల వరకు. అక్కడికి వెళ్ళాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే అడగాలి.

దరఖాస్తులో ఒక్క మాట తప్పకుండా ఉండాలి: ఏ తేదీన చేరగలరు, ఏ తేదీ వరకు ఉంటారు. సీజన్ చివరి దాకా నిలబడే మనిషి కోసమే యజమానులు వెతుకుతారు. రెండు వారాల పండగ రద్దీలో కొత్తవాళ్ళకు పని నేర్పి, ఫిబ్రవరిలో మళ్ళీ ఇంకొకరిని వెతుక్కోవడం వాళ్ళకు నరకం.

పరాయి దేశమైతే పని చేసే అనుమతి ముందు. ఏ వీసా మీద ఏ పని చేయవచ్చో, ఎన్ని గంటలు చేయవచ్చో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదవండి. ఏజెంటు నోటి మాట చాలదు. పని ఇస్తామంటూ ముందుగా డబ్బు కట్టమన్నవాళ్ళకు జవాబు కూడా రాయకండి.

ప్రశ్న: మేడమ్, వచ్చే నెల నుంచి ఒక హోటల్లో పని ఖాయమైంది. గది మాత్రం దొరకలేదు. వెళ్ళాక వెతుక్కోవచ్చులే అని స్నేహితులు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: వద్దు. గది ఖాయం కాకుండా బయల్దేరకండి. ఈ శీర్షికలో నేను గట్టిగా పట్టుబట్టే మాట ఇదొక్కటే.

మామూలు ఊళ్ళో పని దొరికితే గది ఎలాగో దొరుకుతుంది. స్కీ ఊళ్ళో అది తలకిందులు. పనులు బోలెడు, పడుకోవడానికి చోటు లేదు. కారణాలు కళ్ళెదుటే ఉంటాయి. కొండల మధ్య ఇరుకు లోయ, కట్టడానికి నేల లేదు. ఉన్న ఇళ్ళను వారానికింత అని పర్యాటకులకు ఇస్తే వచ్చే డబ్బు, సీజన్ కూలీకి నెలవారీ అద్దెకిస్తే రాదు. బాన్ఫ్ అయితే జాతీయ ఉద్యానవనం లోపల ఉన్న ఊరు. దాని ఎల్లలు పెరగవు, అక్కడ కాపురం ఉండాలంటే అక్కడ ఉద్యోగమో వ్యాపారమో ఉండి తీరాలన్న నియమం కూడా ఉంది. అలా ఉండీ ఇళ్ళు చాలవు. కెనడాలోనే ఇంకో స్కీ ఊరు విస్లర్ తన పనివాళ్ళ ఇళ్ళ కోసం 1997లో ఏకంగా ఒక హౌసింగ్ అథారిటీనే పెట్టుకుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ గది కోసం వెతుకులాట తగ్గలేదు.

నాతో లిఫ్ట్ దగ్గర పని చేసిన ఒకబ్బాయి, వచ్చాక చూసుకుందాంలే అనుకుని వచ్చినవాడే. హాస్టల్లో పడక రోజువారీ అద్దె, పండగ వారంలో అది రెట్టింపు. తెచ్చుకున్న డబ్బు క్రిస్మస్‌కే అయిపోయింది. పనిలో మహా చురుకు, అందరికీ ఇష్టుడు. జనవరిలో వెళ్ళిపోయాడు. పని లేక కాదు, పడుకునే చోటు లేక.

కాబట్టి ముందు మీ హోటల్ వాళ్ళకే ఉత్తరం రాయండి. స్టాఫ్ హౌసింగ్ ఉందా, మీ పేరు మీద పడక ఖాయమా, వెయిటింగ్ లిస్టా? "చూస్తాం" అంటే లేదని అర్థం. ఉందంటే మాత్రం ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి: గదికి ఎంతమంది, వంట చేసుకునే వీలుందా, అద్దె జీతంలో కోస్తారా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఉద్యోగం మానేస్తే ఎన్ని రోజుల్లో గది ఖాళీ చేయాలి? చాలా చోట్ల గది ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. పని పోయిన వారంలోనే పడక కూడా పోతుంది. అది తెలిసి చేరడం వేరు, మంచు కురిసే రాత్రి తెలుసుకోవడం వేరు.

బయట గది వెతకాల్సి వస్తే లోయలో కిందున్న ఊళ్ళు చూడండి. బాన్ఫ్‌లో పని చేసేవాళ్ళు చాలామంది ఉద్యానవనం బయట, సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాన్‌మోర్‌లో ఉంటారు. రెండు ఊళ్ళ మధ్య బస్సు తిరుగుతుంది. అయితే మీ షిఫ్ట్ ముగిసే వేళకు చివరి బస్సు ఉంటుందో లేదో చూడకుండా సంతకం పెట్టకండి. వంటగది పని రాత్రి పదకొండు దాటుతుంది. మైనస్ ఇరవైలో బస్ స్టాప్ దగ్గర నిలబడితే అరగంట కూడా చాలా పొడుగు.

గది చూడకుండా, వీడియోలోనైనా గడప నుంచి కిటికీ దాకా చూపించకుండా, డిపాజిట్ పంపమనేవాళ్ళు సీజన్ ముందు పుట్టుకొస్తారు. అద్దె మిగతావాటికంటే బాగా తక్కువ అనిపిస్తే అక్కడే ఆగండి.

ప్రశ్న: లిఫ్ట్ దగ్గర పని, హోటల్ గదులు సర్దే పని, రెస్టారెంట్ వంటగది పని, మూడూ వచ్చాయి. జీతాలు దాదాపు ఒకటే. నాకు స్కీయింగ్ నేర్చుకోవడమే ముఖ్యం. ఏది తీసుకోను?

జవాబు: స్కీయింగే ముఖ్యమైతే వంటగది. సందేహం లేదు తమ్ముడూ. కొండ మీద లిఫ్టులు నడిచేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. సాయంత్రం షిఫ్ట్ చేసేవాడికి ఆ పగలంతా తనదే. ఎముకలు అలిసిపోతాయి, చేతులకు గిన్నెల జిడ్డు వదలదు, అయినా వారంలో ఐదారు రోజులు కొండ ఎక్కవచ్చు. పైగా అక్కడ తిండి దొరుకుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో, అంటే షామోనీ, వాల్ డిజేర్, వెర్బియే లాంటి చోట్ల, ఇంటిపట్టున అతిథుల్ని ఉంచుకునే షాలేలు ఉంటాయి. అక్కడి పని రెండు ముక్కలుగా వస్తుంది. పొద్దున ఫలహారం పెట్టి ఇల్లు సర్దేస్తే పదకొండుకల్లా సెలవు, మళ్ళీ సాయంత్రం వంట. మధ్యలో స్కీయింగ్. శనివారం మాత్రం అతిథులు మారే రోజు. ఆ రోజు కొండ వంక చూడనైనా కుదరదు.

గదులు సర్దే పని పగలంతా తీసుకుంటుంది. డిసెంబర్‌లో అది ముగిసేసరికి చీకటి పడుతుంది. సెలవు రోజులు రెండూ కలిసి వచ్చేలా అడిగి తీసుకోగలిగితే తప్ప నేర్చుకోవడానికి అది మంచి దారి కాదు. నడుము నొప్పి కూడా నిజం.

లిఫ్ట్ పని సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. చాలామంది దాన్ని బటన్ నొక్కే పని అనుకుంటారు.

రాత్రి మంచు కురిస్తే లిఫ్టీలకు, అంటే లిఫ్ట్ దగ్గర పని చేసేవాళ్ళకు, రోజు చీకట్లోనే మొదలవుతుంది. ముందు పార పట్టాలి. జనం కుర్చీ ఎక్కే చోట, పైన దిగే చోట మంచును సమంగా పరచాలి. ఎక్కువైతే స్కీలు గుచ్చుకుంటాయి, తక్కువైతే కుర్చీ అందదు, పిల్లలు వేలాడతారు. కుర్చీలను మెల్లగా తిప్పుతూ ఒక్కోదాని మీదా చీపురుతో మంచు దులపాలి. జనం నిలబడే వరుసలకు తాళ్ళు కట్టాలి. ఎమర్జెన్సీ బటన్లు, ఫోన్ పరీక్షించి, పై స్టేషన్‌కు కబురు చెప్పి, అప్పుడు గేటు తీయాలి. తీశాక పాత లిఫ్టుల దగ్గర ప్రతి కుర్చీనీ చేత్తో పట్టి ఒక్క క్షణం నెమ్మదింపజేయాలి, లేకపోతే అది వెనక నుంచి మోకాళ్ళ మడతను కొడుతుంది. ఈ పని చేసేటప్పుడు కళ్ళు కుర్చీ మీద ఉండకూడదు, మనిషి మీద ఉండాలి. బ్యాగు పట్టీ వేలాడుతోందా, చిన్నపాప సరిగ్గా కూర్చుందా, తండ్రి ఫోన్ చూసుకుంటున్నాడా? ఒక చేతిలో కుర్చీ, రెండో చెయ్యి ఆపే బటన్‌కు అందేంత దూరంలో. ఆపితే వందలమంది గాల్లో ఆగిపోయి తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. అనుమానం వస్తే ఆపడమే మా పని.

మొదటి చెయిర్‌లిఫ్టులు నడిచింది 1936లో, అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీ అనే స్కీ ఊళ్ళో. యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజినీరు జేమ్స్ కరన్‌కు ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రాల పని తెలుసు. గెలను మోసే కొక్కెం బదులు కుర్చీ తగిలిస్తే మనిషి కొండెక్కుతాడని ఆయనకు తోచింది. కొత్తగా చేరినవాళ్ళకు నేనిది తప్పకుండా చెప్పేదాన్ని. గెలకు దెబ్బ తగలకుండా ఎక్కించడానికి ఎంత ఒడుపు కావాలో, మనిషికి అంతకంటే ఎక్కువ కావాలి కదా.

లిఫ్ట్ పనిలో స్కీయింగ్ సెలవు రోజునే దొరుకుతుంది, ఎప్పుడైనా భోజన విరామంలో ఒకటి రెండు సార్లు. అయితే మీరు రోజంతా కొండ మీదే ఉంటారు. గాలి ఎటు తిరుగుతోందో, ఏ వాలు మీద మంచు ఎలా మారుతోందో మీకు తెలిసినట్టు కింద హోటల్లో పని చేసేవాడికి తెలియదు. చలి విపరీతంగా ఉన్న రోజుల్లో వంతులేసుకుని లోపలికి వెళ్ళి కాచుకుంటూ, ఒకరి ముక్కు, చెంపలు ఒకరం చూసుకునేవాళ్ళం. చర్మం మీద తెల్లటి మచ్చ కనిపిస్తే చలి కొరికిందని గుర్తు. రుద్దకూడదు, వెచ్చటి అరచెయ్యి ఆన్చి, మనిషిని లోపలికి పంపాలి. నాకు వ్యక్తిగతంగా ఈ పనే ఇష్టం. మీరు అడిగింది స్కీయింగ్ గురించి కాబట్టి వంటగది అన్నాను.

ప్రశ్న: నాకు 41. ఇలాంటి పనులకు కుర్రాళ్ళనే తీసుకుంటారా?

జవాబు: తీసుకునేవాళ్ళు వయసు కాదు, నిలకడ చూస్తారు. ఉద్యోగ విరమణ తర్వాత లిఫ్ట్ దగ్గరా, టికెట్ కౌంటర్లోనూ పని చేసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పొద్దున్నే మత్తు దిగకుండా వచ్చే కుర్రాడి కంటే వాళ్ళే నయమని సూపర్‌వైజర్లు బాహాటంగానే అంటారు. ఒక్క జాగ్రత్త చాలు. కొన్ని దేశాల వర్కింగ్ హాలిడే వీసాలకు (తిరుగుతూ పని కూడా చేసుకోనిచ్చేవి) 30 లేదా 35 ఏళ్ళ పరిమితి ఉంటుంది, అది దాటినవాళ్ళు వేరే రకం అనుమతి చూసుకోవాలి. గది విషయంలో కూడా, నలుగురు కుర్రాళ్ళతో కలిసి ఉండగలరా అని మిమ్మల్ని మీరు ముందే అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి స్కీ రిసార్టులో చేరుతానంటోంది. మంచు చరియలు విరిగిపడి మనుషులు చనిపోయారని వార్తల్లో చూసినప్పుడల్లా నా గుండె ఆగిపోతోంది. పంపమంటారా?

జవాబు: అమ్మా, మీ భయం అర్థమవుతోంది. రెండు చోట్లను వేరు చేసి చూస్తే మీకు కొంత ఊరట దొరుకుతుంది. రిసార్టు హద్దుగా కట్టిన తాళ్ళ లోపల గుర్తులు పెట్టిన దారులు ఉంటాయి. మంచు బాగా కురిసిన రాత్రి తర్వాత పెట్రోల్ వాళ్ళు తెల్లవారకముందే వెళ్ళి, ప్రమాదకరమైన వాలుల మీద పేలుడు పదార్థాలతో మంచును ముందే జార్చేస్తారు. అది పూర్తయ్యే దాకా ఆ వైపు లిఫ్ట్ తెరవరు. లోపల ప్రమాదం బొత్తిగా లేదని కాదు, ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉంటారు. వార్తల్లో మీరు చూసే చరియల మరణాల్లో ఎక్కువ భాగం తాళ్ళ అవతల, ఆ కాపలా లేని కొండల్లో జరుగుతాయి.

కాబట్టి అమ్మాయి దగ్గర ఒక్క మాట తీసుకోండి: శిక్షణ లేకుండా, తోడు లేకుండా తాడు దాటనని. దాటాలనుకున్న రోజున చరియల గురించి కోర్సు చేయాలి. మంచు కింద పడ్డవాళ్ళ జాడ పట్టే ట్రాన్సీవర్, పొడవాటి గుచ్చుకర్ర, పార, ఈ మూడూ తన దగ్గరా తోటివాళ్ళ దగ్గరా ఉండాలి. ఆ పొద్దున ప్రకటించిన ప్రమాద స్థాయి చదవాలి. అది 1 నుంచి 5 దాకా ఉంటుంది. 3 అంటే మధ్యలోదే కదా అని తేలిగ్గా తీసుకుంటారు, ఎంతోమంది ప్రాణాలు పోయేది ఆ 3 ఉన్న రోజుల్లోనే. మంచు కింద కూరుకుపోయినవాళ్ళను పావుగంటలోపు తీయకపోతే బతికే ఆశ చాలా వేగంగా తగ్గిపోతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్న తోటివాళ్ళే తవ్వి తీయాలి.

నిజానికి నేను ఎక్కువగా చూసిన దెబ్బలు మోకాలి లిగమెంట్లు, స్నోబోర్డు (రెండు కాళ్ళకూ కలిపి ఒకే పలక) కొత్తగా నేర్చుకునేవాళ్ళ మణికట్లు. పనిలో దెబ్బ తగిలితే యజమాని వైపు నుంచి బీమా ఉంటుంది, సెలవు రోజు స్కీయింగ్‌లో తగిలితే చాలాచోట్ల అది వర్తించదు. అమ్మాయి వెళ్ళేముందు స్కీయింగ్ కలిసిన వైద్య బీమా తీయించండి. ఏ దేశంలోనైనా, ఆ కాగితంలో స్కీయింగ్ అనే మాట ఉందో లేదో మీరే చదవండి. కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్ కూడా ఇంతే ముఖ్యం. ప్రతి వెయ్యి మీటర్లు పైకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికి కొడుతుంది. మబ్బు పట్టిన రోజున కూడా కళ్ళు మండుతాయి.

జవాబు ఒక్క ముక్కలో కావాలంటే, పంపండి.

ప్రశ్న: డిసెంబర్‌లో చేరాను. స్టాఫ్ పాస్ ఇచ్చారు కానీ స్కీలు కొనే స్తోమత లేదు, పడతానని భయం కూడా. తోటివాళ్ళంతా పైకి వెళ్తుంటే గదిలో కూర్చుంటున్నాను. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: లిఫ్టులు ఎక్కనిచ్చే పాస్ చేతిలో ఉందంటే సగం డబ్బు మీకు అందినట్టే. ఇక్కడికి వచ్చే పర్యాటకుడికి పెద్ద ఖర్చుల్లో అదొకటి. ఇప్పుడేమీ కొనకండి. మీ రిసార్టులో పనివాళ్ళకు అద్దె మీద తగ్గింపు, ఉచిత పాఠాలు ఉన్నాయేమో అడగండి. చాలాచోట్ల ఉంటాయి, అడగనివాళ్ళకు ఎవరూ పిలిచి చెప్పరు. నాలుగైదుసార్లు వెళ్ళాక ఇష్టం కుదిరితే ముందు బూట్లు కొనండి, కాలు కొలిపించుకుని. స్కీలు ఎవరి పాతవైనా సర్దుకోవచ్చు, బూట్లు మాత్రం మీ పాదానివే కావాలి. హెల్మెట్ పాతది కొనకండి, అది ఇదివరకే ఒక దెబ్బ తిన్నదేమో పైకి కనబడదు.

ఒంటికి నూలు బట్ట తగలకూడదు. చెమట పట్టి ఆరక, లిఫ్ట్ మీద కూర్చోగానే గడ్డకట్టిస్తుంది. లోపల ఉన్నిదో సింథటిక్‌దో పల్చటి చొక్కా, మధ్యలో వెచ్చటిది, పైన గాలి, తడి చొరనిది.

జనవరి రెండో వారంలో, శని, ఆదివారాలు కాని రోజున వెళ్ళండి. పండగ జనం వెళ్ళిపోయి కొండ ఖాళీగా ఉంటుంది, పడితే చూసేవాళ్ళూ ఉండరు. దారి ఎంత కష్టమో దాని గుర్తు చెబుతుంది: ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలి చదరం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. యూరప్‌లో నీలానికీ నలుపుకీ మధ్య ఎరుపు ఉంటుంది. ఈ గుర్తులు ఆ కొండకే పరిమితం. ఒక చోటి నీలం ఇంకో చోట నలుపంత నిటారుగా ఉండవచ్చు, కాబట్టి కొత్త కొండ మీద ఎప్పుడూ అక్కడి అన్నిటికన్నా తేలిక దారితోనే మొదలు. మీ కంటే కిందున్నవాళ్ళకే దారి హక్కు. వెనక నుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. ఇది తెలిస్తే భయం సగం పోతుంది, జారుతున్నప్పుడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడక్కర్లేదు కాబట్టి.

స్కీయింగ్ పడకపోయినా పాస్ వాడండి. విస్లర్‌లో రెండు కొండల మధ్య 4.4 కిలోమీటర్లు వెళ్ళే పీక్ టు పీక్ గొండోలా (తీగకు వేలాడుతూ వెళ్ళే మూసిన పెట్టె) ఉంది, 2008లో మొదలైంది. అందులో ఊరికే అటూ ఇటూ తిరుగుతూ మధ్యాహ్నాలు గడిపే పనివాళ్ళున్నారు. గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగ్, మంచులో కాళ్ళు కూరుకుపోకుండా స్నోషూలు కట్టుకుని అడవిలో నడక, బాన్ఫ్‌లో అయితే వేడినీటి బుగ్గ. మార్చి వచ్చిందంటే పగలు పొడుగవుతుంది, మధ్యాహ్నానికి మంచు మెత్తబడుతుంది. పడ్డా అంత నొప్పి ఉండదు. నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి నెల అదే. మీకింకా ఎంతో సీజన్ మిగిలి ఉంది.

ప్రశ్న: ఇది ఫిబ్రవరి. షిఫ్టులు తగ్గించారు. గదిలో నలుగురం, రోజూ తాగుడు, గొడవ. నాకు నిద్ర లేదు. అందరూ ఆనందంగా ఉన్నట్టుంది, నేనే పనికిరానివాడినేమో అనిపిస్తోంది. వెళ్ళిపోవాలా?

జవాబు: తమ్ముడూ, ముందు నిద్ర సంగతి. చాలా రోజులుగా నిద్ర లేకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చినా, ఇది చదివాక చేయాల్సిన మొదటి పని డాక్టర్ దగ్గరికో హెల్ప్‌లైన్‌కో వెళ్ళడం. స్కీ ఊళ్ళ క్లినిక్‌లలో ఇలాంటివాళ్ళను చూడటం వాళ్ళకు కొత్త కాదు.

తర్వాత, మీరొక్కరే అనుకోకండి. ఈ నెలలో ఇలా అవడం నేను చూడని ఏడాది లేదు. చీకటి ఎక్కువ, డబ్బు తక్కువ, ఇంటికి దూరం, గదిలో ఒంటరిగా ఉండే చోటు లేదు. ఫొటోల్లో నవ్వే మీ తోటివాళ్ళలో ఇద్దరు ముగ్గురు లోపల మీలాగే ఉంటారు. గది మార్చమని హౌసింగ్ చూసేవాళ్ళను అడగండి, ఈపాటికి ఖాళీ అయిన పడకలుంటాయి. షిఫ్టులు తగ్గితే పక్క విభాగంలో అడగండి. బడి సెలవులు వచ్చేసరికి మనుషులు చాలరు. పగటి వెలుతురులో రోజూ కాసేపు బయట నడవండి, స్కీలు అక్కర్లేదు. ఊళ్ళో లైబ్రరీ ఉంటే అక్కడ కూర్చోండి. వెచ్చగా ఉంటుంది, ఖర్చు లేదు, అక్కడ ఎవరూ తాగరు. సీజన్లలో నా స్నేహాలు ఎక్కువగా అలాంటి చోట్లే కలిశాయి, బార్లలో కాదు.

ఇవన్నీ చేసి రెండు వారాలు చూశాక కూడా వెళ్ళిపోవాలనిపిస్తే నిశ్చింతగా వెళ్ళండి. ముందుగా నోటీసు ఇచ్చి, జీతం, డిపాజిట్ లెక్క తేల్చుకుని. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని కాదది.

ప్రశ్న: ముందుగా వచ్చి లిఫ్ట్ సిద్ధం చేసే అరగంటకు మాకు జీతం లెక్కకట్టడం లేదు. సీజన్ పనివాళ్ళం కదా, అడిగితే తీసేస్తారేమో?

జవాబు: అడగండి. పని కోసం మిమ్మల్ని అక్కడ ఉండమన్న సమయం పని సమయమే. వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కరు కాకుండా కలిసి, నోటితో కాకుండా కాగితం మీద అడగండి. జవాబు రాకపోతే ఆ ప్రాంత కార్మిక శాఖకు రాయండి. సీజన్ పనివాళ్ళు నోరు లేనివాళ్ళేమీ కాదు. 2024 డిసెంబర్ 27న, సరిగ్గా పండగ రద్దీ మధ్యలో, అమెరికాలో పార్క్ సిటీ స్కీ పెట్రోల్ వాళ్ళు సమ్మెకు దిగారు. కొండలో చాలా భాగం తెరవలేకపోయారు. జనవరి రెండో వారానికి ఒప్పందం కుదిరింది, తొలి వేతనం గంటకు 2 డాలర్లు పెరిగింది.

ప్రశ్న: ఏప్రిల్‌లో సీజన్ అయిపోతుంది. ఇంటికి వచ్చే ముందు చేయాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: సూపర్‌వైజర్ చేత రెండు వాక్యాల సిఫార్సు రాయించుకోండి, ఆయన ఊరు వదిలేలోపే. వచ్చే సీజన్‌కు మళ్ళీ రావాలనుంటే ఇప్పుడే చెప్పండి. తిరిగి వచ్చేవాళ్ళకు గదుల్లో ముందు వంతు ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. సీజన్ చివరి బోనస్ ఉంటే ఆఖరి షిఫ్ట్ దాకా ఉండాలన్న షరతు ఉందేమో చూసుకుని టికెట్ కొనండి. పన్ను కాగితాలు ఏ చిరునామాకు పంపాలో ఆఫీసులో రాసివ్వండి. గది ఖాళీ చేసే రోజు నాలుగు గోడలకూ ఫొటోలు తీసి, యూనిఫాం, పాస్, తాళంచెవి అప్పజెప్పినట్టు సంతకంతో రసీదు తీసుకోండి. డిపాజిట్ గొడవలన్నీ ఆ రసీదు లేనిచోటే వస్తాయి.